గౌరి, బ్రూనో పెట్టించిన డేకేర్

(హైదరాబాద్ శివార్లలో కుక్కల డేకేర్, శిక్షణ కేంద్రం నడుపుతున్న ఒకావిడ విజయవాడలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, మైకులో గాలి శబ్దం వస్తోంది.

నాకు తరచుగా ఒక ఫోన్ వస్తుంటుంది. "అక్కా, నాకు కుక్కలంటే ప్రాణం, ఉద్యోగం మానేసి మీలాగే డేకేర్ పెడదామనుకుంటున్నాను" అని. మంచిదే, సంతోషమే, నేనూ ఆ ప్రేమతోనే వచ్చాను. కానీ నేను వాళ్లని మొదట అడిగేది ఒకటే. కుక్క పడుకుని ఉంటే దాన్ని చూస్తూ ఊరికే ఎంతసేపు కూర్చోగలవు? ఫోన్ తీయకుండా? ఎందుకంటే మా పనిలో ఎక్కువ భాగం అదే. కుక్కని ఆడించడం ఎవరైనా చేస్తారు. పడుకోబెట్టడం కష్టం. చూడటం ఇంకా కష్టం. ఈ రోజు నేను చెప్పేదంతా ఇంచుమించు ఈ చూడటం గురించే, ముందే చెప్పేస్తున్నాను.

మా కేంద్రం ఇద్దరి వల్ల పుట్టింది. గౌరి, బ్రూనో. గౌరి మన దేశీ కుక్క, మా సందులోనే పుట్టింది, గోధుమరంగు, ఒక చెవి నిలబడేది, ఇంకో చెవి వాలిపోయేది. ఇంట్లోవాళ్లు తప్ప ఎవరొచ్చినా మంచం కిందకి దూరిపోయేది. గ్యాస్ బండ దింపిన చప్పుడైనా సరే, ఇక ఆ పూట తిండి ముట్టదు. బ్రూనో లాబ్రడార్. వాడికి ఊళ్లో ఎవరింట్లో పెళ్లైనా తనదే. వాడి బాధంతా ఒంటరిగా ఉండటం. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లం, పొద్దున తలుపు వేసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఏడుపే, పక్క ఫ్లాటువాళ్లు పాపం ఎన్నాళ్లు ఓర్చుకుంటారు చెప్పండి? పగలు వదిలే చోటు కోసం వెతికితే అప్పట్లో దొరికినవి ఇనప బోన్లు, గొలుసులు. ఒకచోట ఇద్దరినీ వదిలి ఊరెళ్లి వచ్చాం. బ్రూనో మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి, గౌరి వచ్చాక రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ తాగలేదు. ఆ చోటు పేరు నేను చెప్పను, ఆ రోజుల్లో చాలా చోట్ల అలాగే ఉండేది. అలాంటి చోట మా పిల్లల్ని మళ్లీ వదలకూడదు అనుకున్నాం, అంతే, అక్కడ మొదలైంది ఇది. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. కానీ మా దగ్గర ప్రతి గది, ప్రతి నియమం వాళ్లలో ఎవరో ఒకరి కోసం పెట్టినదే.

సరే, రోజు ఎలా నడుస్తుందో చెప్తాను. పొద్దున 8 నుంచి వస్తారు. గేటు దగ్గరే చెవులు, చిగుళ్లు, కాలి వేళ్ల సందులు చూస్తాం. తర్వాత చిన్న చిన్న గుంపులుగా ఆట. గుంపు కట్టడానికి సైజు ఒక్కటే చూస్తే చాలదు, ఆడే తీరు కూడా చూడాలి. తోసుకుంటూ మీద పడి ఆడేవాళ్లు ఒకవైపు, పరుగు పందెం పెట్టుకునేవాళ్లు ఒకవైపు, వాసన చూసుకుంటూ తిరిగే పెద్దవాళ్లు ఇంకోవైపు. 11 అయ్యేసరికి ఆట ఆపేస్తాం. 11 నుంచి 3 దాకా ఎవరి గదిలో వాళ్లు, కర్టెన్లు వేసి, ఫ్యాన్లు వేసి, నిద్ర. సాయంత్రం మళ్లీ కాసేపు ఆట, కాసేపు శిక్షణ.

ఇక్కడే గొడవ. కుక్కల యజమానులు మా కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు, "మేడమ్, మావాడు పడుకునే ఉన్నాడేంటి, ఆడిస్తారని కదా డబ్బు కట్టాం?" అని. అండీ, పెద్ద కుక్క రోజులో దాదాపు సగం నిద్రపోతుంది. పిల్లలైతే 18 గంటలు, ఇంకా ఎక్కువ. దాన్ని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇరవై కుక్కల మధ్య వదిలేస్తే ఏమవుతుంది? పెళ్లింట్లో రాత్రంతా నిద్రలేని చిన్నపిల్లాడు తెల్లారేసరికి అయినదానికీ కానిదానికీ ఎలా ఏడుస్తాడో మీకు తెలుసు కదా, సరిగ్గా అదే అవుతుంది. కాకపోతే కుక్క ఏడవదు, కరుస్తుంది. డేకేర్లలో కొట్లాటలు చాలావరకు అలసట వల్ల వస్తాయి, కోపిష్టి కుక్కల వల్ల కాదు. "మా కుక్క మీ దగ్గర్నుంచి వచ్చి పడిపోతోంది మేడమ్, ఎంత బాగా ఆడించారో" అని మెచ్చుకుంటే నాకు భయం వేస్తుంది. ఇంటికెళ్లి మామూలుగా తిని, మామూలుగా తోక ఊపి, మామూలుగా పడుకోవాలి. అది మంచి రోజు.

మరి ఆట జరుగుతున్నప్పుడు ఏం చూడాలి? ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి. ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి ఒక వంగుడు వంగుతుంది చూశారా? "ఇదంతా ఆటేనోయ్" అని చెప్పడం అది. మంచి ఆటలో వంతులు మారతాయి. ఇప్పుడు నువ్వు తరుము, తర్వాత నేను తరుముతాను. పెద్ద కుక్క కావాలని వెల్లకిలా పడి చిన్నదాన్ని పైకి రానిస్తుంది. మధ్య మధ్యలో ఇద్దరూ ఆగి ఒళ్లు దులుపుకుంటారు, మళ్లీ మొదలెడతారు. ఎప్పుడూ ఒక్కటే తరుముతూ, ఎప్పుడూ ఒక్కటే పారిపోతూ ఉంటే? అనుమానం వచ్చిందా? చాలా తేలికైన పరీక్ష ఉంది. తరిమేదాన్ని మెల్లగా పట్టుకుని ఆపండి. పారిపోతున్నది తిరిగి దాని దగ్గరకే వస్తే దానికీ ఆట ఇష్టమే, వదిలేయండి. సందు దొరికిందని దూరంగా వెళ్లి మూల చేరితే, ఆట అయిపోయినట్టే. మా కుర్రాళ్లకి నేను నేర్పే మొదటి పని ఇది. దీని తర్వాతే గొలుసు పట్టుకోవడం నేర్పుతాను.

ఇంకోటి, తోక. తోక ఊపితే సంతోషం అని మనందరికీ చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఒళ్లంతా వదులుగా, నడుము కూడా ఊగుతూ ఉంటే సంతోషమే. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా లేపి, టకటకా చిన్నగా ఊపుతుంటే మాత్రం దగ్గరకి వెళ్లకండి. 2007లో ఇటలీలో ఒక పరిశోధన జరిగింది. యజమానిని చూసినప్పుడు కుక్క తోక ఎక్కువగా దాని కుడివైపుకి ఊగుతుందని, దబాయించే తెలియని కుక్కని చూసినప్పుడు ఎడమవైపుకి మొగ్గుతుందని కొలిచి మరీ చూశారు. మీరు కుడి ఎడమలు లెక్కపెట్టాలని ఇది చెప్పడం లేదు. ఒక్క తోకలోనే ఇంత సమాచారం ఉంటే మొత్తం ఒంట్లో ఎంత ఉంటుందో ఆలోచించండి. నిద్ర రాకుండా ఆవులించడం, తినకుండానే మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కంటి కొసతో చూడటం, అప్పుడు తెల్లగుడ్డు బయటపడుతుంది, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పడమే. ఇవి ఎవరూ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమంటే కొడతారు చాలామంది. దయచేసి కొట్టకండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బలు తిన్న కుక్క ఈసారి హెచ్చరించడం మానేసి నేరుగా కరుస్తుంది. "ఏ సూచనా లేకుండా కరిచింది మేడమ్" అని వచ్చే కేసుల్లో వెనక్కి వెళ్లి అడిగితే ఈ కథే బయటపడుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మా దగ్గరకి వచ్చిన ప్రతి కుక్కనీ తీసుకోం. ముందు ఒక పూట ట్రయల్ ఉంటుంది. కొన్ని కుక్కలకి గుంపు అంటే నరకం. అలాంటప్పుడు వాళ్లవాళ్లతో నేను చెప్తాను, "మీ కుక్క మంచిదే, దానికి డేకేర్ మంచిది కాదు" అని. కొందరు నొచ్చుకుంటారు. పిల్లాడికి స్కూల్లో సీటు ఇవ్వలేదన్నంత బాధపడతారు. నేను వాళ్లకి చెప్పేది ఇదే, ఈ రోజు మా గౌరి బతికి వచ్చినా నేను దాన్ని గుంపులోకి తీసుకోను. దాని పేరు మీద పెట్టిన కేంద్రమే, అయినా తీసుకోను. గౌరికి కావలసింది ఒక నిశ్శబ్దమైన గది, రోజూ ఒకే మనిషి, రెండు పూటలా అదే దారిలో నడక. అందుకే వెనకవైపు నాలుగు గదులు విడిగా కట్టించాను, గుంపు శబ్దం వినపడనంత దూరంలో. ఇల్లు మార్చే హడావిడిలో ఉన్నవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఇలాంటి భయస్తుల్ని తెస్తే అక్కడ ఉంచుతాం. లెక్క ప్రకారం ఆ గదుల మీద లాభం రాదు. అయినా తీసేయను.

శిక్షణ గురించి అడుగుతారని తెలుసు. "కుక్కకి నువ్వే బాస్ అని తెలియాలి, ముందు నువ్వు తిను, తర్వాత దానికి పెట్టు, మాట వినకపోతే మెడపట్టి నేలకి నొక్కు", విన్నారా ఇవన్నీ? ఎక్కడి నుంచి వచ్చాయి ఇవి? 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించిన తోడేళ్లని చూసి ఒక వ్యాసం రాశారు. బందీలుగా, ఇరుకులో, వెళ్లిపోయే దారి లేకుండా ఉన్న తోడేళ్లు. అవి కొట్టుకున్నాయి, కొట్టుకోవా మరి? దాని నుంచి పుట్టింది ఈ "ఆల్ఫా" మాట, అంటే మిగతావాటిని అణిచి గుంపుని ఏలే బాస్ అని. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే తర్వాత అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, 1999లో, గుంపు అంటే తల్లి, తండ్రి, వాళ్ల పిల్లలు, అది ఒక కుటుంబం, ఆల్ఫా అనే మాట సరిపోదు అని రాశారు. అంటే తోడేళ్ల విషయంలోనే నిలవని మాటని పట్టుకుని మనం మన ఇంట్లో పగ్ మెడ నొక్కుతున్నాం. దేనికండీ?

మరి ఎలా నేర్పాలి? డాల్ఫిన్‌ని తీసుకోండి. దాని మెడకి గొలుసు వేయలేరు, కొడితే ఈదుకుంటూ పోతుంది. అందుకే వాటికి నేర్పేవాళ్లు ఈల పద్ధతికి వచ్చారు. సరిగ్గా చేసిన క్షణంలో ఈల, వెంటనే చేప. కుక్కలకి వాడే క్లిక్కర్, నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, అదే పద్ధతి. క్లిక్కర్ లేకపోతే ఒక చిన్న మాట చాలు, మేం "భేష్" అంటాం. కూర్చున్న ఆ క్షణంలోనే "భేష్", వెంటనే చిన్న చికెన్ ముక్క. లేచి తోక ఊపాక పెడితే తోక ఊపినందుకు పెట్టినట్టవుతుంది. ఒకటి రెండు సెకన్ల తేడాలో ఉంది విద్య అంతా. మన భారతకథ మొదట్లోనే సరమ ఉంది కదా, దేవతల కుక్క. జనమేజయుడి తమ్ముళ్లు యాగం దగ్గర దాని పిల్లని కొట్టి తరిమేస్తే, ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు, హవిస్సు నాకలేదు, కనీసం దాని వంక చూడలేదు, మరి ఎందుకు కొట్టారని ఆ తల్లి నిండు సభకి వచ్చి అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. ఇంట్లో సోఫా చింపిందని సాయంత్రం వచ్చి కొట్టేవాళ్లు కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి. పొద్దున చేసిన పనికి సాయంత్రం దెబ్బలు పడితే, నువ్వు ఇంటికి రావడమే ప్రమాదం అని తప్ప ఆ కుక్క ఏం నేర్చుకుంటుంది? మెడకి కట్టి కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్లు కూడా మా గేటు లోపలికి రావు. వేల్స్ దేశంలో 2010లోనే వాటిని నిషేధించారు. "ఎవరొచ్చినా కరిచేలా తయారుచేయండి" అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి నేను చేయను అని చెప్పి పంపేస్తాను.

మా దగ్గరకి శిక్షణ కోసం ఎక్కువగా వచ్చేవాళ్లు ఎవరో తెలుసా? పెద్దవాళ్లు. పిల్లలు అమెరికా వెళ్లిపోతారు, వాళ్లు ముచ్చటపడి కొన్న లాబ్రడారో రిట్రీవరో అమ్మానాన్నల దగ్గర మిగిలిపోతుంది. ముప్పై కిలోల కుక్క ఒక్కసారి లాగితే డెబ్బై ఏళ్లాయన తుంటి విరుగుతుంది. వాళ్లకి షేక్‌హ్యాండులూ విన్యాసాలూ అక్కర్లేదు, గొలుసు బిగుసుకోకుండా పక్కన నడవడం ఒక్కటి నేర్పితే చాలు. నేర్పేటప్పుడు ఆ పెద్దాయన కూడా రావాలి అంటాను. నా దగ్గర బుద్ధిగా నడిచి ఆయన దగ్గర లాగితే ఏం ప్రయోజనం?

పిల్లల విషయం ఒకటి. 3 వారాల నుంచి సుమారు 12 వారాల దాకా కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే కాలం. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఏళ్ల తరబడి పని చేసి 1965లో దీన్ని వివరంగా రాశారు. కానీ అదే కాలంలో టీకాలు పూర్తికావు, పార్వో భయం, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ అది. మరి ఏం చేయాలి? ఎత్తుకుని తిప్పండి. ఆటో చప్పుడు, కుక్కర్ విజిల్, మిక్సీ, డప్పులు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఇవన్నీ దూరం నుంచి చూపించి, వినిపించి, నోటికి ఏదైనా అందించండి. నేల మీద, తెలియని కుక్కల మధ్య మాత్రం వదలకండి.

పార్వో అన్నాను కాబట్టి, కేంద్రం పెట్టేవాళ్లు ఇది రాసుకోండి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మనం ఇళ్లలో వాడే ఫినాయిల్‌ని నమ్ముకుంటే లాభం లేదు, బ్లీచింగ్ సరైన పాళ్లలో కలిపి, నేల ముందే శుభ్రంగా కడిగి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. టీకా కార్డు లేకుండా లోపలికి ఎవరూ రారు, మా చుట్టాల కుక్కైనా సరే. మూడో నెల నుంచి రేబిస్ టీకా, ఏటా మళ్లీ. పనివాళ్లకి కూడా ముందుగానే రేబిస్ టీకాలు వేయించండి, చిన్న గాటు పడినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరకి. టీకా వేయించుకున్నవాళ్లు కూడా వెళ్లాలి. గోమార్లు, మీ వైపు పిడుదులంటారేమో, ఇవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, కుక్కకి ఎన్ని మందులు రాసినా గోడ అలాగే ఉంటే మళ్లీ వస్తాయి. అందుకే మా గోడలకి పగుళ్లు లేకుండా ఏటా పూత వేయిస్తాం. ఈ గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ పట్టుకున్న కుక్క మొదట చేసేది డల్‌గా ఉండటం, తిండి వదిలేయడం. జ్వరం కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, ప్రాణానికే ముప్పు. మనం మిగిలిన పులుసు కలిపి పెడతాం, అందులో ఉల్లిపాయ ఉంటుంది, అదీ విషమే. ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా.

ఎండ సంగతి విజయవాడవాళ్లకి నేను చెప్పాలా? కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి బయటికి పంపాలి. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కువాళ్లు సరిగ్గా రొప్పలేరు. మా దగ్గర వేసవిలో పొద్దున 8 దాటితే వాళ్లకి బయట ఆట లేదు. వడదెబ్బ తగిలిందనిపిస్తే నీడకి తెచ్చి, ఒళ్లు తడిపి, ఫ్యాను పెట్టి, అదే ఊపులో డాక్టరు దగ్గరకి పరిగెత్తాలి. జనరేటర్ లేకుండా వేసవిలో కేంద్రం తెరవద్దు. ఇది సలహా కాదు, షరతు.

డబ్బు గురించి. చాలామంది అద్దె, జీతాలు లెక్కేసుకుంటారు, నీళ్లు మర్చిపోతారు. రోజుకి రెండుసార్లు కడగాలి, బోరు ఎండితే ట్యాంకరు. ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో పక్కింటివాళ్లు మిమ్మల్ని మొదటి వారంలోనే అడుగుతారు. లైసెన్సులు, జీఎస్టీ ఇవన్నీ ఒక మంచి ఆడిటర్‌ని పెట్టుకోండి, చూసుకుంటారు. అన్నిటికన్నా పెద్ద ఖర్చు మనుషులు, అక్కడ మాత్రం తగ్గించకండి. మా దగ్గర పది కుక్కలకి ఒక మనిషి తప్పకుండా ఉంటారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు, చిన్నప్పుడు మేకలు కాసేవాడు. పొద్దున గేటు దగ్గర నిలబడి, ఏ కుక్క ఏ కాలు మీద బరువు తగ్గించి వేస్తోందో అందరికన్నా ముందు చెప్తాడు. నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నదాన్ని అతను మేకల వెంట తిరిగి నేర్చుకున్నాడు. అలాంటివాళ్లు దొరికితే మంచి జీతం ఇచ్చి నిలుపుకోండి.

మా సీజన్ ఎప్పుడో మీకు తెలుసు, సంక్రాంతి. హైదరాబాద్ సగం ఖాళీ అయి ఇటు వస్తుంది, కుక్కలన్నీ మా దగ్గర. మరి మా కుర్రాళ్లవీ ఇటువైపు ఊళ్లే కదా, వాళ్లకి పండగ వద్దా? అందుకని వంతులు వేసుకుంటాం. సగం మంది భోగికి, సగం మంది కనుమ అయ్యాక వెళ్తారు, ఉన్నవాళ్లకి రెండింతల జీతం. ఆ వారం మా దగ్గర ఎన్ని గదులుంటే అన్ని కుక్కలే, ఒక్కటి కూడా ఎక్కువ తీసుకోం. "ఒక్కదాన్ని ఎక్కడో సర్దండి మేడమ్" అంటారు. ఆ ఒక్కటి మిగతా అన్నిటి నిద్ర పాడుచేస్తుంది.

చివరగా ఈ ఊరివాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ పెట్టాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు పొద్దున నాతో స్థలాల గురించి మాట్లాడారు. అద్దె తక్కువ అని చూడకండి, మెరక చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఎలా మునిగిందో మీరు కళ్లారా చూశారు. మనిషి మేడెక్కుతాడు. గడియ వేసిన గదిలో ఉన్న కుక్క ఏం చేస్తుంది? అందుకని గదుల గడియలన్నీ బయటి నుంచి ఒక్క చేత్తో తీసేలా ఉండాలి, ప్రతి తలుపు పక్కన ఆ కుక్క గొలుసు వేలాడుతుండాలి, మేడ మీదకి మెట్లు కుక్కలు ఎక్కగలిగేలా ఉండాలి, ఊళ్లో మెరకన ఉన్న ఇంకో చోటు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. వానాకాలం రాకముందు ఒకసారి అందరినీ బయటికి తీసే రిహార్సల్ చేయండి, ఎంతసేపు పడుతుందో మీకే తెలుస్తుంది.

మేం వాడే చేరిక ఫారం, ట్రయల్ రోజు చూసే అంశాల కాగితం బయట బల్ల మీద పెట్టాను, తీసుకోండి, మీకు కావలసినట్టు మార్చుకోండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయి, ఇందాకట్నుంచి ఆగి ఉన్నావు, ముందు నువ్వు అడుగు.